పెద్ద తొట్టి ఉన్న హోటల్

తకావొకా
ఫిబ్రవరి 11, 2025

ప్రియమైన ఇకుకో,

ఇవాళే రాయడానికి కారణముంది. ఒసాకాలో ఎక్స్‌పో, అదే ప్రపంచ ప్రదర్శన, ఏప్రిల్‌లో మొదలవుతుంది. హోటల్ గదులు ఇప్పటికే చకచకా అయిపోతున్నాయట. నువ్వు "చూద్దాంలే" అంటూ కూర్చునే మనిషివి కాబట్టి నేనే కదలాల్సి వచ్చింది. ఫోన్‌లో చెబుదామంటే నీకు సగం వినపడదు, వినపడిన సగం మర్నాటికి గుర్తుండదు. అందుకే ఉత్తరం.

మొన్న ఆదివారం ఫుజియె అక్క పదమూడో ఏటి కర్మ జరిపించాం. గుడి నుంచి గురువుగారు వచ్చి సూత్రాలు చదివారు. అందరూ కడుపునిండా తిని వెళ్ళారు. అన్నీ సవ్యంగానే జరిగాయి. కానీ అక్క ఫొటో ముందు అగరొత్తి వెలిగిస్తుంటే ఆ చివరి ఏడాది మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఆపరేషన్ తర్వాత కట్లు మార్చింది నేనే కదా. అలాంటి మచ్చ ఇంకొకరి ఒంటిమీద చూసే శక్తి ఇక నాకు లేదు, ఇకుకో. ఈ జన్మకి చాలు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

హోటళ్ళ విషయం. వారం రోజులుగా వాకబు చేసి నాలుగింటిని పక్కన పెట్టాను. నంబాలో ఉన్నది చవకే, కానీ కింద తాగుడు దుకాణాలు. రెండోదాంట్లో గది అని చెప్పి మనిషిని సొరుగులో పెట్టి మూస్తారు. షిన్-ఒసాకా దగ్గరున్నది శుభ్రంగా ఉంది కానీ ప్రదర్శనకి రెండు రైళ్ళు మారాలి. నాలుగోది బెంతెన్‌చోలో. స్టేషన్ పక్కనే. అక్కడ ఎక్కితే నేరుగా ప్రదర్శన ద్వారం ముందు దిగుతాం. పొద్దున్నే అన్నం, మిసో చారు, కాల్చిన చేప పెడతారు. అన్నిటికన్నా ముఖ్యం, పై అంతస్తులో ఆడవాళ్ళకి పెద్ద స్నానాల గది, కాళ్ళు చాపుకుని కూర్చునే తొట్టి ఉన్నాయి.

ఫోన్ చేసి అడిగాను. "నీళ్ళు రోజూ మారుస్తారా?"

"మారుస్తామండి."

"నువ్వు చూశావా?"

"నేను... ఫోన్ దగ్గర కూర్చుంటానండి."

"అయితే చూసినవాళ్ళకి ఇవ్వు."

ఇచ్చాడు. చూసినావిడ మారుస్తామనే చెప్పింది. పక్కన కూర్చున్న మా మనవరాలు కహో నవ్వి, "నానమ్మా, వాళ్ళు నీ బడిపిల్లలు కారు, హోటల్ వాళ్ళు" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకి జమాఖర్చులు నేర్పిన నోరు ఊరికే ఉంటుందా?

నీకు గుర్తుందా, పందొమ్మిది వందల డెబ్బైలో ఎక్స్‌పోకి వెళ్ళి దిగిన, జూసోలో రేకుల కప్పున్న ఆ సత్రం? చంద్రుడి మీద నుంచి తెచ్చిన రాయిని చూద్దామని ఎండలో వరుసలో నిలబడి, సగంలోనే ఓపిక అయిపోయి, చూడకుండానే తిరిగొచ్చాం. వీధి చివరి స్నానశాలలో నువ్వు నా వీపు రుద్దుతూ ఆగిపోయి, "నీకు ఇక్కడ నడుము దగ్గర పుట్టుమచ్చ ఉందే! నువ్వు చచ్చేదాకా చూసుకోలేవు, పాపం" అన్నావు. పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వారు. మళ్ళీ ఒసాకాలో ఎక్స్‌పో జరిగితే ఇద్దరం వద్దాం, ఆ రాయి చూద్దాం అనుకున్నాం. మనకప్పుడు పందొమ్మిది. ఇప్పుడు డెబ్బై నాలుగు. మూడోసారి జరిగేదాకా ఆగేంత తీరిక మనకి లేదు.

అక్టోబరు మొదటి వారమైతే చల్లగా ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒకే గది. నీ జవాబు వారంలో రావాలి.

నీ
యసుయో


మత్సుయె
ఫిబ్రవరి 20

ప్రియమైన యాచ్చాన్,

ఈ ముద్దుపేరుతో పిలవొద్దని నువ్వు ఏటా అంటావు, నేను ఏటా పిలుస్తాను. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా నువ్వు నాకు యాచ్చాన్‌వే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వస్తాను. తప్పకుండా వస్తాను. ఆ రాయి చూడకుండా నేనెక్కడికీ పోను. కానీ అక్టోబరు వద్దు. మే నెలలో వెళదాం. అప్పటికి చెట్లన్నీ పచ్చగా ఉంటాయి, ఎండ ముదరదు. నాకు మే నెలే వీలు. ఈ ఒక్కటీ నా మాట విను.

ఇక హోటల్. హొమ్మాచిలో ఒకటి చూశాను. అదీ అదే రైలు దారిలో ఉంది. చిన్న చిన్న గదులు, ఒక్కొక్కళ్ళకి ఒక్కోటి, గదిలోనే స్నానాల గది. పక్కపక్క గదులు తీసుకుందాం. నా గురక సంగతి నీకు తెలియదు. మా ఆయన బతికున్న రోజుల్లో దుప్పటి తీసుకుని వంటింట్లోకి పారిపోయేవాడు. నీ నిద్ర పాడుచేసి, పొద్దున్నే నీ చేత చీవాట్లు తినే ఓపిక నాకు లేదమ్మా.

చలికాలమంతా ఒంట్లో అంతంతమాత్రంగా ఉంది. ఇప్పుడు నయం. నవంబరు నుంచి సనయె అమగసాకి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. ఇంట్లో సామాను సర్దే నెపంతో నా మీద పెత్తనం చేస్తోంది. "అమ్మా, ఆ పెట్టె ఎత్తకు, ఈ కిటికీ తెరవకు" అని ఒకటే గోల. కూతురు కాదు, కాపలా.

అక్క కర్మ బాగా జరిగినందుకు సంతోషం. నేను కూడా ఇక్కడ ఆవిడ పేరున అగరొత్తి వెలిగించాను.

నీ
ఇకుకో


తకావొకా
ఫిబ్రవరి 26

ప్రియమైన ఇకుకో,

మే నెలకి ఒప్పుకున్నాను. అక్టోబరు కన్నా రద్దీ, అయినా ఒప్పుకున్నాను. నీ మాట విన్నట్టు రాసి పెట్టుకో.

హొమ్మాచి హోటల్ మాత్రం కుదరదు. అక్కడికీ ఫోన్ చేశాను. ఆ గదుల్లో తొట్టి ఎంతుంటుందో తెలుసా? కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. రోజంతా ప్రదర్శన చుట్టూ తిరిగొచ్చి, ముడుచుకుని కూర్చోవడానికి ఒసాకా దాకా వెళ్ళాలా? నాకు మా ఇంట్లోనే ఆ సౌకర్యం ఉంది.

గురక అంటావా. డెబ్బైలో కూడా పెట్టావు. రేకుల కప్పు అదిరింది. నేను అప్పుడూ బతికాను, ఇప్పుడూ బతుకుతాను.

నీకు ఒక మాట చెప్పాలి. ఇలాంటివి నేను రాయనని నీకు తెలుసు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నా వీపు ఎవరూ రుద్దలేదు. కోడలు మంచిదే, కానీ కోడలిని అడుగుతామా? పొడుగాటి గుడ్డ రెండు చేతులతో వెనక్కి లాగి రుద్దుకుంటాను. ఎక్కడో మధ్యలో ఒక చోటు ఎప్పుడూ మిగిలిపోతుంది. బెంతెన్‌చో హోటల్ గురించి చదివినప్పుడు నాకు ప్రదర్శన కన్నా ముందు గుర్తొచ్చింది ఆ తొట్టి, అందులో నువ్వూ నేనూ.

కాబట్టి మే 21 నుంచి మూడు రాత్రులకి బెంతెన్‌చోలో ఒకే గది తీసుకున్నాను. ఇక మాట్లాడేది లేదు.

నీ
యసుయో


మత్సుయె
మార్చి 14

ప్రియమైన యాచ్చాన్,

జవాబు ఆలస్యమైంది. కోప్పడకు.

నీ వీపు సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. రుద్దాలనే ఉంది. కానీ ఈ మధ్య నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. జుట్టు కూడా సనయే దువ్వుతోంది. పైగా చర్మం బాగాలేదు. పెద్ద తొట్టెల్లో దిగొద్దన్నాడు డాక్టరు. నేను బయట కూర్చుంటే నీకు బాగుంటుందా?

ఇంకో దారి చెబుతాను. నువ్వు బెంతెన్‌చోలోనే ఉండు, నీకు నచ్చిన హోటల్లో. నేను ఒసాకా పక్కనే, అమగసాకిలో సనయె వాళ్ళ ఇంట్లో పడుకుంటాను. ఖర్చు కూడా కలిసొస్తుంది. రోజూ పొద్దున్నే ద్వారం దగ్గర కలుసుకుందాం, చీకటి పడేదాకా కలిసి తిరుగుదాం. ఒక్క స్నానమే కదా వేరు. మిగతాదంతా కలిసే కదా.

కొత్త టోపీ కొన్నాను, ప్రదర్శన కోసం. ఊదా రంగుది. నువ్వు చూసి "ఈ వయసులోనా" అంటావు. అను.

నీ
ఇకుకో


తకావొకా
మార్చి 22

ప్రియమైన ఇకుకో,

నేను ఉన్నది ఉన్నట్టు మాట్లాడేదాన్ని, నీకు కొత్త కాదు.

మొదటి ఉత్తరంలో గురక అన్నావు. రెండోదాంట్లో చెయ్యి అన్నావు, చర్మం అన్నావు, డాక్టరు అన్నావు, ఆఖరికి ఖర్చు అన్నావు. బడిలో ఒక పిల్ల లెక్క చేయకుండా వచ్చి ఇన్ని కారణాలు చెబితే నేనేమనేదాన్నో తెలుసా? "అసలుది చెప్పి కూర్చో" అనేదాన్ని.

అసలుది నేనే చెబుతాను. నాతో ఒకే గదిలో ఉండటం నీకు ఇష్టం లేదు. నేను గదమాయిస్తాను, అన్నీ లెక్క ప్రకారం జరగాలంటాను, నాతో మూడు రోజులు కష్టం. కూతురింట్లో హాయిగా పడుకుని, పగలు నాలుగు గంటలు నన్ను భరించి వెళ్ళిపోదామని నీ ఆలోచన. అలాంటప్పుడు ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది.

మన అమ్మలు, అమ్మమ్మలు ఒకే నీళ్ళలో కూర్చుని కష్టం సుఖం చెప్పుకున్నారు. అక్కడ దాపరికం ఉండదు. బట్టలు విప్పి ఒకే తొట్టిలో కూర్చోలేని ఇద్దరి మధ్య స్నేహం ఏం మిగిలినట్టు? నన్నడిగితే, ఏమీ మిగలనట్టే.

గది అలాగే ఉంచాను. వస్తే నాతో ఉండు. లేకపోతే రావద్దు.

యసుయో


(పోస్టుకార్డు)

ఏప్రిల్ 6

గౌరవనీయులైన మొరివాకి యసుయో గారికి,

చెర్రీలు పూసిన ఈ రోజుల్లో తమరు కుశలమని తలుస్తాను.

ఎక్స్‌పోకి రాలేకపోతున్నందుకు మన్నించగలరు. గది తమరి ఒక్కరి పేరున మార్చుకోగలరు. కలిగించిన ఇబ్బందికి చింతిస్తున్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

హయామి ఇకుకో


ఒసాకా, బెంతెన్‌చో
మే 23

ప్రియమైన ఇకుకో,

నీ పోస్టుకార్డు వచ్చినప్పుడు నేను జవాబు రాయలేదు. "గారు" అని రాశావు. నలభై ఏళ్ళు నన్ను యాచ్చాన్ అని పిలవొద్దని పోరాను. నువ్వు మానేసిన రోజున ఇల్లంతా చల్లబడ్డట్టయింది. అయినా పంతం పట్టి ఒక్కదాన్నే వచ్చాను.

ఇప్పుడు హోటల్లో ఫలహారాల గదిలో కూర్చుని రాస్తున్నాను. మిసో చారు చల్లారిపోయింది. పోనీ.

నిన్న ప్రదర్శనలో చంద్రుడి రాయి చూశాను. ఈసారి కూడా తెచ్చారు. వరుసలో నిలబడి, అద్దం దగ్గరికి చేరగానే నా నోటి నుంచి, "ఇదిగో ఇకుకో, చూడవే" అని వచ్చేసింది. వెనకనున్న అబ్బాయి, "ఎవరండీ, తప్పిపోయారా?" అన్నాడు. అవునన్నాను. పాపం, అక్కడి మనిషిని పిలవబోయాడు. ఆపాను.

సాయంత్రం ఆ పెద్ద స్నానాల గదికి వెళ్ళాను. నేను ఇంత రభస చేసి సాధించిన తొట్టి. ఒక్కతే ఆడమనిషి ఉంది, అరవై దాటి ఉంటుంది. పీట మీద కూర్చుని టవలు గుండెకి అదుముకుని, ఎడమ చేత్తో వీపు రుద్దుకోవాలని చూస్తోంది. అందడం లేదు. నా నోరు ఆగుతుందా?

"ఇలా ఇవ్వండి ఆ గుడ్డ."

"అయ్యో, వద్దండీ, మీకెందుకు శ్రమ."

"శ్రమ నాది, వీపు మీది. ఇవ్వండి."

ఇచ్చింది. కాసేపయ్యాక, "మీరు టీచరా?" అంది.

"ఎలా తెలిసింది?"

"సాయం చేయమంటారా అని అడగలేదు కదా. చెయ్యి చాపారు."

ఇద్దరం నవ్వాం. వీపు కడిగాను. తర్వాత ఇద్దరం తొట్టి దగ్గరికి వెళ్ళాం. నీకు తెలుసు కదా, నీళ్ళలో టవలు ముంచకూడదు. దిగాలంటే తీసేయాలి. ఆవిడ అంచు మీద ఆగి నా వైపు తిరిగింది. "భయపడకండి" అంది. ఆవిడే నాకు ధైర్యం చెప్పింది, ఇకుకో. అప్పుడు టవలు తీసి, మడిచి నెత్తిన పెట్టుకుని దిగింది.

కుడివైపు రొమ్ము లేదు. చదునుగా ఉంది, అడ్డంగా ఒక గీత ఉంది. సరిగ్గా మా అక్కకి ఉన్నట్టే. నేను చూశాను. నాకేమీ కాలేదు. కళ్ళు తిరగలేదు, పారిపోలేదు. ఆవిడ పక్కన కూర్చున్నాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"ఎవరితో వచ్చారు?" అన్నాను.

"ఒక్కదాన్నే. తెలిసినవాళ్ళతో వస్తే ఈ గదిలోకి అడుగుపెట్టలేను. తెలియనివాళ్ళు చూస్తే చూశారు. తెలిసినవాళ్ళకి మొహం ఎలా పెట్టాలో తెలియదు పాపం. వాళ్ళ ఆ మొహం నేను చూడలేను."

"మరి వాళ్ళు రమ్మంటే ఏం చెబుతారు?"

"బోలెడు వంకలు! మా ఆడపడుచుతో నా చర్మం బాగాలేదన్నాను. ఎదురింటావిడతో నాకు గురకన్నాను. చేతి సంగతి మాత్రం అబద్ధం కాదండోయ్. ఆపరేషన్ అయ్యాక ఇది పైకి లేవదు."

నేను తొట్టిలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ కంగారుపడి, "వేడెక్కువైందా?" అంది. కాదన్నాను. గురక, చర్మం, చెయ్యి. నవంబరు నుంచి ఇంట్లో కూతురి కాపలా. జుట్టు దువ్వుకోలేకపోవడం. "నాకు మే నెలే వీలు" అనడం. అన్నీ నా సొరుగులోనే ఉన్నాయి, నీ చేతిరాతతో. చదివాను, తప్పులు దిద్దాను, ఒక్కటి కూడా అర్థం చేసుకోలేదు.

నిన్ను ఒకటే అడుగుతాను. నీకు ఆపరేషన్ అయిందా?

కాకపోతే నన్ను పిచ్చిదనుకుని నవ్వుకో. సంతోషిస్తాను. అయి ఉంటే, మార్చిలో నేను రాసిన మాట, ఒకే తొట్టిలో కూర్చోలేని ఇద్దరి మధ్య ఏమీ మిగలదన్న మాట, దాన్ని కొట్టివేయడానికి నా దగ్గర ఏ సిరా లేదు. క్షమించమని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. క్షమించు.

గదిలో రెండో పరుపు ఎవరూ పడుకోకుండా అలాగే ఉంది.

నీ
యసుయో


మత్సుయె
జూన్ 28

ప్రియమైన యసుయో,

అయింది. కిందటి అక్టోబరులో. కుడివైపు.

నెల రోజులు నీకు రాయకపోవడం కోపంతో కాదు. కోపం ఏప్రిల్‌లో వచ్చింది. నీ మార్చి ఉత్తరం వారం రోజులు బల్ల మీదే ఉంది. సనయె దాన్ని చించబోతే వద్దన్నాను. ఇన్నేళ్ళలో నువ్వు నా మీద పెట్టిన ఆశ అంతా ఆ తిట్లలోనే ఉంది కదా అనిపించింది. కానీ పోస్టుకార్డు మాత్రం కావాలనే అలా రాశాను. నీకు తగలాలనే రాశాను. తగిలిందని తెలిసి ఇప్పుడు బాధగా ఉంది.

నువ్వనుకుంటున్నావేమో, నా మచ్చకి సిగ్గుపడి దాచానని. అది కొంత. అసలు సంగతి వేరు. ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను నీకు ఈ కబురు రాయడానికే కాగితం ముందు పెట్టుకుని ఉన్నాను. నీ కవరు విప్పాను. మొదటి పేజీలోనే అక్క సంగతి. "అలాంటి మచ్చ ఇంకొకరి ఒంటిమీద చూసే శక్తి ఇక నాకు లేదు. ఈ జన్మకి చాలు." నా కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నీకు చాలన్నావు. నేను మళ్ళీ ఎలా వడ్డిస్తాను?

నిన్ను అడిగి ఉండాల్సింది, నిజంగా చూడలేవా అని. అడగలేదు. నీ బదులు నేనే తీర్మానించేశాను, నువ్వు చూడలేవని. ఒక్క హోటల్‌ని కూడా నేను నిజంగా వెతకలేదు, యసుయో. గదిలో స్నానాల గది ఉందా, తలుపుకి గడియ ఉందా, అంతే చూశాను. నువ్వు ఎవరో తెలియనావిడ పక్కన నిబ్బరంగా కూర్చున్నావని చదివి ఏడ్చాను. అక్కడ కూర్చోవాల్సింది నేను కదా.

మే నెల అడిగింది డాక్టరు మాట మీద. మార్చితో ఒక విడత వైద్యం అయిపోయింది. మేలో తిరగవచ్చన్నాడు. నిజంగానే బాగున్నాను ఆ నెల. రోజూ షింజి సరస్సు గట్టు మీద నడిచాను. నువ్వు వరుసలో నిలబడ్డ రోజున కూడా ఊదా టోపీ పెట్టుకుని నడిచాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. అదే నాకు ఇప్పుడు మింగుడుపడటం లేదు.

జూన్ పరీక్షల్లో ఆ జబ్బు మళ్ళీ కనపడింది, ఈసారి ఎముకలో. జూలై 14 నుంచి మళ్ళీ మందు ఎక్కిస్తారు. ప్రదర్శన అక్టోబరు దాకా ఉంటుందట, కానీ నేను వెళ్ళలేను. డాక్టరు చెప్పలేదు, నాకే తెలుసు.

రాయి ఎలా ఉంది? ఎవడో కుర్రాడి సంగతి రాశావు కానీ రాయి సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఇదేనా నీ లెక్క?

నీ
ఇకుకో


తకావొకా
జూలై 2

ప్రియమైన ఇకుకో,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. మధ్యాహ్నానికి టికెట్టు కొన్నాను. అందుకే ఇవాళే రాస్తున్నాను, నాకన్నా ముందు ఇది నీకు చేరాలి.

"చూసే శక్తి లేదు" అని నేను రాసింది నిజం కాదు. అబద్ధమని అప్పుడు నాకూ తెలియదు. కర్మ రోజున అలసిపోయి, ఒక మాట బాగుందని రాసేశాను. ఆ మాట నీ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. నువ్వు దాన్ని దాటలేకపోయావు, నేను దాన్ని మరిచేపోయాను. ఈ ఏడాది మే నెల ఒకటే ఉంది. అది అయిపోయింది. దానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏదీ లేదు. బజారులో దొరికేదైతే దేశమంతా ఫోన్ చేసి వాకబు చేసేదాన్ని.

రాయి సంగతి అడిగావు. చిన్నది. బూడిద రంగు. మా పెరట్లో దొరికితే అవతల పారేస్తాను. అలాంటి దానికోసం యాభై అయిదేళ్ళు ఎదురుచూశామని ఇద్దరం కలిసి నవ్వుకోవాల్సిన రాయి అది. ఒక్కదానికి నవ్వు రాలేదు.

ఇక జరగవలసినవి:

1. ఈ నెల 8న, మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి మత్సుయె స్టేషన్‌లో దిగుతాను. 13 దాకా ఉంటాను. సనయెని స్టేషన్‌కి పంపొద్దు.

2. హోటల్ వెతకొద్దు. పరుపు నీ గదిలోనే వెయ్యాలి. గురక ఎంతైనా పెట్టు.

3. నాకోసం ఇల్లు సర్దకూడదు. సర్దినట్టు కనపడితే సనయెని అడిగి తెలుసుకుంటాను.

4. నువ్వు ఏం తినవచ్చో, ఏం తినకూడదో డాక్టరుని అడిగి ఒక కాగితం మీద రాయించి పెట్టు. వంట నేను చేస్తాను.

5. ఊదా టోపీ బయట పెట్టి ఉంచు. సరస్సు గట్టుకి నడవగలిగినంత దూరం నడుద్దాం. అది పది అడుగులైతే పది అడుగులే.

6. స్నానాలకి చిన్న పీటలు రెండు కావాలి. నీ ఇంట్లో ఒకటే ఉంటుంది. నా ఇంట్లో కూడా ఒకటే ఉంది. అది తెస్తున్నాను.

7. ముందు నీ వీపు నేను రుద్దుతాను. నువ్వు ఇటు తిరిగితే చూస్తాను, తిరగకపోతే అడగను. రెండూ నాకు సమ్మతమే.

8. తర్వాత నా వీపు. నీ చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తే అంతవరకే రుద్దు. పైన మిగిలిపోతే మిగిలిపోనీ. ఆ పుట్టుమచ్చ నడుము దగ్గరే ఉందని నువ్వే చెప్పావు. నీ చేతికి అందుతుంది. ఇంకా అక్కడే ఉందో లేదో చూసి చెప్పాలి. చూడగలిగినవాళ్ళు ఇక నువ్వొక్కదానివే.

నీ
యాచ్చాన్